విత్తనాల రాత్రికి పొడి పక్క

మార్చి 16

శ్రీశ్రీశ్రీ పాంగి సోంబరు గారు, తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పినవారు, అరకు రోడ్డు పక్క బొంగు చికెన్ పాకకు ఏకైక యజమాని, ఊళ్ళో సగం మందికి మారుపేర్లు పెట్టిన ఘనులు, తమ సమస్త ప్రజలను, అనగా భార్య గంగను, రెండు మేకలను, ఒక మేకపిల్లను, లెక్కకు దొరకని కోళ్ళను ఉద్దేశించి వెలువరించే శాసనం: ఈ ఉదయం మన దండెం మీద ఆరిన ఎర్రగళ్ళ దుప్పటి గురించి ఎవరూ నోరెత్తరాదు. నోరెత్తిన కోడి కూర అగును. నోరెత్తిన భార్య సంగతి తరవాత ఆలోచించబడును.

చదివి వినిపిస్తే గంగ చీపురు చూపించింది. శాసనం అమల్లోకి వచ్చినట్టే.

దుప్పటి అయ్యది. సుక్రు దిసారిది. ఈ ఊరి పెళ్ళిళ్ళకు, పండగలకు, దుక్కికి, విత్తుకు గడియ చూసి చెప్పే మనిషి రాత్రి పక్క తడిపాడు. మేకపిల్ల తడిపిందని నేను వీధికి చెప్పాను. మేకపిల్ల ఎదురు చెప్పదు కదా.

పెద్ద విషయమేమీ కాదు. ముసలి ఒళ్ళు. ఒకసారి జరుగుతుంది.

మార్చి 17

మళ్ళీ.

మేకపిల్లను ఇంట్లోనే కట్టేశాను. అబద్ధానికి సాక్ష్యం ఉండాలి.

మార్చి 19

తెల్లారకముందే మెలకువ వచ్చి చూస్తే అయ్య పక్క ఖాళీ. దుప్పటి లేదు, పంచె లేదు, మనిషి లేడు. ఇల్లంతా వెతికి గెడ్డ వైపు పరిగెత్తాను. మంచులో, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పంచె ఉతుక్కుంటున్నాడు. కాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అయ్యా! ఈ సలిలో నీకేటి పిచ్చా?"

"గట్టిగా అరవకు. ఎవులన్నా ఇంటారు."

పంచె లాక్కుని నేనే పిండాను. ఆయన రాయి మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళనుండి?" అన్నాను.

"కాపీ పళ్ళు కోసిన కాడినుండి. అప్పుడప్పుడు. ఇప్పుడు ఎక్కువైపోనాది. నిద్దట్లో నాకు తెలీనే తెలీదురా సోంబూ. తడిసినాక తెలుత్తాది."

"ముసిలోళ్ళకి మామూలే."

"మామూలు మనిసికి మామూలే. ఇత్తనాల రాత్రి వత్తంది కదరా."

అప్పుడు అర్థమైంది. విత్తనాల పండగ ముందు రాత్రి ప్రతి ఇంటినుంచీ ఆకు పొట్లాల్లో విత్తనం వస్తుంది. చోళ్ళు, సామలు, వలిసెలు, కందులు. అవన్నీ చుట్టూ పెట్టుకుని దిసారి ఒక్కడే దేవుడి పాకలో నేల మీద పడుకోవాలి. తెల్లారి ఆయన చేతి మీదుగా విత్తనం తిరిగి ఇళ్ళకు పోతే తప్ప ఊళ్ళో నాగలి కదలదు. అయ్య అలా పడుకోవడం నా చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

"ఆ ఇత్తనం మీద నా తడి పడితే ఊరు ఏటి జల్లుకుంటాది?" అన్నాడు.

నా నోటి దాకా మూడు జోకులొచ్చాయి. మూడూ వెనక్కి పోయాయి.

"ఎవులికీ సెప్పకు. నాయుడికి సెప్పకు. ఆ ఆశా బేబికి సెప్పకు. గంగకి సెప్పకు."

"గంగ మేకపిల్లే అనుకుంటంది," అన్నాను. గంగకు మొదటి రోజే తెలుసు.

"మీ అమ్మ మీద ఒట్టెయ్యి."

వేశాను. అమ్మ పోయి ఏళ్ళయింది, ఒట్టు మాత్రం ఇంకా బరువుగానే ఉంది. నాకు భయం లేదు. గెడ్డ దగ్గర చలికి వణికాను, అంతే.

మార్చి 22

పాక దగ్గర మంచి బేరం. విశాఖ నుంచి వచ్చిన కొత్త జంటకు, బొంగును పేరు పెట్టి పలకరించకపోతే లోపల మాంసం ఉడకదని చెప్పాను. ఇద్దరూ చేతులు కట్టుకుని "నమస్తే బొంగుగారూ" అన్నారు. వీడియో కూడా తీసుకున్నారు. నవ్వాల్సింది. సగంలో ఆగిపోయింది.

ఎందుకంటే అప్పుడే భీముడు బాబాయ్ వచ్చాడు. ఊరి నాయుడు, అంటే ఊరిపెద్ద. నేను పెట్టిన పేరు ఊదుడుశంఖం. అది ఆయనకు తెలుసు.

"ఒరే సోంబూ, మీ అయ్య సీకటుండగానే గెడ్డలో ఏటి సేత్తన్నాడు? మా కోడలు సూసిందంట."

"తానం. పండగ నియమం."

"పండక్కి ఇంకా సానా రోజులుంది కదేటి?"

"దిసారి నియమం నీకేటి తెలుసు బాబాయ్? నీ తల మీద నీళ్ళు పడి ఎన్నాళ్ళయిందో ముందు అది సెప్పు."

పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

వీళ్ళందరికీ నేను పేర్లు పెట్టాను. అందరూ కాచుకుని ఉన్నారు. ఈ సంగతి తెలిస్తే నన్నేమీ అనరు, నేరుగా అయ్యకు పేరు పెడతారు. ఏం పెడతారో అని పడుకుని ఆలోచిస్తే నా బుర్రే పేర్లు కట్టడం మొదలెట్టింది. ఒకటి కాదు. ఒకదాన్ని మించి ఒకటి. ఆపుదామంటే ఆగవు. మా అయ్యకు, నా బుర్రే! దుప్పటి ముసుగేసుకుని చెవులు మూసుకున్నాను, లోపలినుంచి వచ్చేదానికి చెవులు మూసుకుంటే ఏం లాభం.

మార్చి 24

దొరికింది.

బొంగులో నీళ్ళు పోయకపోతే బొంగు కారదు. ఇంతకు మించి సైన్సు లేదు. తొమ్మిది తప్పినవాడికి తట్టింది, పది పాసైనవాళ్ళకు తట్టదు.

ఈ రోజునుంచే అయ్యకు మధ్యాహ్నం తరవాత నీళ్ళు బంద్. పొద్దున అంబలి కూడా చిక్కగా. కల్లు బంద్. టీ బంద్. కుండ నా మంచం కిందికి మార్చాను. అయ్యకు చెప్తే, "మంచి మాటరా" అని నా భుజం తట్టాడు. ఆయన నన్ను మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో.

మార్చి 25

పొడి!

దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఒట్టి చుట్ట వాసన. గంగ నన్ను చూసి, "నీకు బుర్ర తిరిగిందేటి?" అంది. మేకపిల్లను బయటికి వదిలేశాను. నిర్దోషిగా విడుదల.

మార్చి 27

పొడి. మొన్న చలికాలం క్యాంపువాళ్ళు ఇచ్చిన కాళ్ళ వాపు మాత్ర కూడా నేనే మరవకుండా వేస్తున్నాను, రోజూ పడుకోబోయే ముందు, నోరు తడిసేంత నీళ్ళతో. అప్పుడైతే మరిచిపోనని అలా పెట్టుకున్నాను.

అయ్య పెదాలు పగిలాయి. ఎండలు మొదలయ్యాయి కదా. అందరికీ పగులుతాయి.

మార్చి 29

తడి.

కొంచెమే. కానీ నీళ్ళు తాగలేదు కదా? ఎక్కడినుంచి వస్తున్నాయి?

మార్చి 30

పెరట్లో కంచె పట్టుకుని నిలబడ్డాడు. అటు పోయి ఇటు వస్తాడు, మళ్ళీ పోతాడు. పోసేది రెండు చుక్కలు. మంటట. చింతపండు పులుసు రంగు. నేను చూడలేదు. గంగ చూసి చెప్పింది. సరే, నేనూ చూశాను.

"నీళ్ళు ఇయ్యి మామకి," అంది గంగ.

"ఇత్తే మళ్ళీ కారతాది."

"కారితే ఉతుకుతాను. ఉతికేది నానే కదా, నీకేటి నొప్పి?"

"పండగ దాకా ఓర్సుకో. ఆయనే అడిగినాడు, ఒట్టు ఏయించుకున్నాడు."

"ఒట్టు సెప్పకూడదని ఏయించుకున్నాడు. నీళ్ళు ఇయ్యకూడదని ఏయించుకున్నాడేటి?"

ఆడవాళ్ళతో లాయరు పని పెట్టుకోకూడదు. పొద్దున ఇచ్చే రెండు గ్లాసులు ఒకటి చేశాను. ఇంకా గట్టిగా కట్టేస్తే ఆగుతుంది. కుళాయి కట్టు వదులైతే ఇంకో చుట్టు చుట్టమా?

నేనూ రాత్రి రెండుసార్లు లేచాను. చలికి.

ఏప్రిల్ 1

ఈ రోజు ఊళ్ళో అందరినీ ఆటపట్టించే రోజు. ఏటా ఏదో ఒకటి చేస్తాను. ఈసారి ఏమీ చెయ్యలేదు. చెయ్యలేదని ముగ్గురు అడిగారు, ఒంట్లో బాగోలేదా అని.

ఏప్రిల్ 2

ఆశా కార్యకర్త బేబి ఇంటింటికీ తిరుగుతూ వచ్చింది. గుమ్మంలోనే ఆపేశాను.

"అన్నా, పెద్దాయన్ని ఒకపాలి సూత్తాను. మొన్న సంతలో గోడ పట్టుకుని నడుత్తన్నాడంట."

"నిద్దరోతన్నాడు. దేవుడికి ఉపోసం."

"ఉపోసమా? ఈ వయసులోనా? నీళ్ళన్నా తాగుతున్నాడా?"

"మా ఇంటి కుండ లెక్కలు కూడా గవర్మెంటోళ్ళకి రాసియ్యాలేటమ్మీ? మీ ఆయన పొట్ట కొలుసుకో ముందు. అందులో మా ఊరి చెరువు పడతాది."

పాపం, మొహం మాడ్చుకుని పోయింది. లోపల అయ్య నిద్రపోవడం లేదు. వాసం వైపు చూస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. ఏం లెక్క అంటే, "ఆళ్ళు ఎందరొచ్చినారో" అన్నాడు.

వాసం మీద ఎవరూ లేరు.

ఏప్రిల్ 3

అయ్యను ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. నీళ్ళిచ్చాను. పక్కకు కారిపోయాయి. మింగడం లేదు.

ఏప్రిల్ 4, జీపులో కూర్చుని రాస్తున్నాను

చెయ్యి వణుకుతోంది, రోడ్డు బాగోలేక.

పొద్దున్న అయ్య లేచి కూర్చున్నాడు. అమ్మ పేరు పెట్టి పిలిచాడు. తరవాత పాత భాషలో, మా తాతల కాలపు మాటల్లో, గొణగడం మొదలెట్టాడు. ఒళ్ళంతా ఊగుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. చూరులో గుచ్చిన వేపకొమ్మ లాగి పట్టుకున్నాడు. గంగ కేక విని పక్కింటివాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనక వీధి వచ్చింది, వీధి వెనక భీముడు బాబాయ్ వచ్చాడు.

వచ్చి చూసి, చెప్పులు విప్పి, దండం పెట్టాడు.

"దిగినాడు. దేవుడు దిగినాడు," అన్నాడు.

అంతే. ధూపం వచ్చింది. పసుపు వచ్చింది. ఎవరో డప్పు కూడా తెచ్చారు. మా దిసారి మీదికి దేవుడు రావడం కొత్త కాదు. ప్రతి పండక్కీ వస్తాడు, ఊగుతాడు, వానల సంగతి చెప్తాడు. వాళ్ళ తప్పేముంది? దేవుడు దిగినప్పుడు అయ్య ఎలా ఉంటాడో ఇప్పుడూ అచ్చం అలాగే ఉన్నాడు. తేడా నాకు, గంగకు మాత్రమే తెలుసు.

గంగ చెంబుతో నీళ్ళు తెచ్చింది. భీముడు బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"దేవుడు దిగుండగా నోట ఏటీ పొయ్యకూడదు. ఆయనే ఎల్లిపోయేదాకా ఆగాల."

"బాబాయ్, జరం కాత్తంది. కిందికి, ఆసుపత్రికి తీసుకుపోదాం."

"దేవుడు మీదుండగా మనిసిని గుమ్మం దాటిత్తావేటి? మీ సిన్నాన్న జరమనే కిందికి తీసుకుపోనారు. ఏటయింది? గోనెసంచిలో వొచ్చినాడు. నా సేతులతో దింపినాను." అయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నీ అయ్యని నీకంటే ముందునుండి ఎరుగుదును సోంబూ. ఇంట్లో ఉండనీ."

గుమ్మం దగ్గర బేబి నిలబడి ఉంది. నా వైపే చూస్తోంది. నా నోట్లోంచి రావాల్సింది ఒక్క మాట. ఇది దేవుడు కాదు, నేను నీళ్ళు ఆపేశాను. ఎందుకు ఆపావు అంటారు. ఎందుకంటే... ఒట్టు. గెడ్డలో వణికే ఆ కాళ్ళు. చుట్టూ ఇంతమంది. రేపు ఈ మనిషి బతికి లేచినా వీళ్ళ ముందు తలెత్తడు. చెప్పకపోతే లేవనే లేవడు.

డప్పు మోగుతోంది. అయ్య గోళ్ళు నీలంగా ఉన్నాయి.

నేను దండం పెట్టి, ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. అయ్య నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకుని, "అరకు తీసుకుపోరా. పెద్ద మందు కావాల. బేగి," అన్నాడు. స్పష్టంగా అన్నాడు.

లేచి గట్టిగా చెప్పాను. "దేవుడు అరకు ఆసుపత్రికి పోవాలంటన్నాడు!"

డప్పు ఆగింది.

"దేవుడు ఆసుపత్రికేటి?" అన్నాడు భీముడు బాబాయ్.

"ఎక్కడికి పోవాలో దేవుడికి నువ్వు సెప్తావేటి? పొద్దు నెత్తిమీదికి వచ్చేలోగా అంటన్నాడు. ఆలస్యమైతే ఈ ఏడు ఇత్తనం మొలవదంట. ఆ పాపం నాయుడిదంట. పేరెట్టి మరీ సెప్పినాడు."

బాబాయ్ మొహం బూడిదలా అయింది. జీపు తెప్పించింది ఆయనే. అయ్యను రెండు చేతులతో ఎత్తి ఎక్కించిందీ ఆయనే. ఇప్పుడు నా ఎదురుగా అయ్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బేబి ముందు సీట్లో ఫోన్లో ఆసుపత్రితో మాట్లాడుతోంది.

అయ్య గొణగడం ఆపేశాడు. ఊగడం కూడా.

గొణిగితే బాగుండు.

ఏప్రిల్ 4, రాత్రి

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. అయ్య చర్మం గిల్లి చూసింది. లాగిన చోట అలాగే నిలబడిపోయింది, పిండిలా.

"నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది? రాత్రిళ్ళు పక్కలో మూత్రం పోతోందా?"

అంత గట్టిగా అడిగింది. పక్కనే భీముడు బాబాయ్.

"బాబాయ్," అన్నాను, "మరిసిపోనాను. ఆసుపత్రి గుమ్మంలో టెంకాయ కొట్టాలన్నాడు దేవుడు. పిలక ఉన్నదే కావాలంట."

పాపం, పరిగెత్తాడు.

ఆయన మలుపు తిరిగేదాకా ఆగి మొత్తం చెప్పేశాను. దుప్పటి, కుండ, పులుసు రంగు. డాక్టరమ్మ రాసుకోవడం ఆపి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నేను జేబులోంచి తీసిన మాత్రల అట్ట చేతిలోకి తీసుకుంది.

"ఇది ఎప్పుడు వేస్తున్నారు?"

"రాత్రి పడుకోబోయే ముందండి. మరవకుండా."

"ఇది ఒంట్లో నీరు లాగి బయటికి పంపే మాత్ర. పొద్దున వెయ్యాలి. రాత్రి వేస్తే నిద్రలోనే పోతుంది."

నేనే కుళాయి తిప్పి, నేనే కుండ దాచాను.

మూత్రంలో ఇన్ఫెక్షనట. నీళ్ళు లేక ముదిరి నెత్తురులోకి పోయిందట. ముసలివాళ్ళకు అది తలకెక్కితే లేనివి కనిపిస్తాయట, మాటలు తారుమారవుతాయట. సెలైను పెట్టారు. గొట్టం వేసి సంచి తగిలించారు. రెండు రోజులు గడవాలన్నారు.

సంచిలో ఏమీ లేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ రావద్దు రావద్దని మొక్కినవాణ్ణి, ఒక్క చుక్క రమ్మని మొక్కుతున్నాను.

ఏప్రిల్ 5

కళ్ళు తెరవలేదు.

ఏప్రిల్ 6

తెరవలేదు. సంచిలో అడుగున కొంచెం. పులుసు రంగే.

భీముడు బాబాయ్ ఊరికి పోలేదు. వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. "దేవుడు మళ్ళీ ఏటన్నా సెప్పినాడేటి?" అని అడుగుతాడు. లేదంటాను. కొంచెంసేపటికి మళ్ళీ అడుగుతాడు. ఆయన్ని ఆటపట్టించడానికి ఎంత చోటుందో! ఒక్కటీ తోచలేదు.

అయ్య పోతే అది నేను చేసిందే. ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

ఏప్రిల్ 7

సంచి నిండింది. నర్సు వచ్చి మారుస్తుంటే చూసి ఏడుపొచ్చింది. మూత్రం సంచి చూసి ఏడ్చిన మగాడు ఈ కొండల్లో ఇంకెవడూ ఉండడు.

మధ్యాహ్నం అయ్య కళ్ళు తెరిచి, "అంబలి ఉందేటి?" అన్నాడు.

ఏప్రిల్ 10

ఇంటికి. గొట్టం తీసేశారు. డాక్టరమ్మ చెప్పినవి గంగ నాకంటే బాగా గుర్తుపెట్టుకుంది. పగలంతా నీళ్ళు దండిగా తాగాలి, పొద్దు వాలాక తగ్గించాలి, మానకూడదు. పడుకోబోయే ముందు ఒకసారి పోయి, కాసేపు ఆగి ఇంకోసారి పోవాలి. సాయంత్రం కాళ్ళు ఎత్తి పెట్టుకోవాలి. మాత్ర పొద్దున. పక్క మీద రబ్బరు గుడ్డ, దాని మీద దుప్పటి. లోపల గ్రంథి వాచింది, దానికి వేరే మాత్ర, నెలకోసారి రావాలి.

"పూర్తిగా ఆగిపోతుందా?" అని అడిగాను. "తగ్గుతుంది. ఈ వయసులో ఒకటి రెండు రాత్రులు తడిస్తే తడుస్తుంది. ఉతుక్కోండి," అంది.

గంగ నా వైపు చూసింది. ఆ చూపు మీద నేనేమీ రాయను.

ఏప్రిల్ 13

తడి, పొడి, పొడి. బాగుంది.

కానీ అయ్యకు నిద్ర లేదు. విత్తనాల గడియ ఆయనే చెప్పాలి, ఆయన చెప్పడం లేదు. ఊరు నాగళ్ళు కట్టుకుని కూర్చుంది. రోజూ పొద్దున్న ఎవరో ఒకరు వచ్చి దూరంగా నిలబడి చూసి పోతారు.

"ఇంకోణ్ణి పడుకోబెట్టమంటాను," అన్నాడు అయ్య. "నాను సెయ్యలేను."

నేను పాక దగ్గరికి పోయి, వెదుళ్ళలో మంచి లావుది ఏరి, ఒక కణుపు అడుగున ఉంచి కోశాను. నోరు నున్నగా గీకాను, గుచ్చుకోకుండా. ఆసుపత్రిలో గొట్టం తీశాక పోసుకోవడానికి ప్లాస్టిక్ సీసా ఇచ్చారు కదా, అదే పని. తెచ్చి అయ్య ముందు పెట్టాను.

"ఏటిది?"

"దొరల మరుగుదొడ్డి. పక్కలో పడుకునే వాడొచ్చు. లేవక్కర్లేదు, తొలకదు, సప్పుడవదు. చికెనుకి వాడే కట్ట కాదు, ఒట్టు. ఏరే కట్ట."

అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"నువ్వు పక్కనుంటావేటి?" అన్నాడు.

"దిసారి ఒక్కడే ఉండాల కదా?"

"గడియ సెప్పేది నాను. ఎవులుండాలో కూడా నానే సెప్తాను."

ఏప్రిల్ 17, దేవుడి పాక

పొట్లాలన్నీ వచ్చాయి. నేల కనిపించడం లేదు. దీపం వెలుగులో ఆకుల మీద పేర్లు లేవు, కానీ ఏ పొట్లం ఎవరిదో అయ్యకు తెలుసు. మధ్యలో ఆయన పడుకోవడానికి చాప వెడల్పు చోటు. అడుగున రబ్బరు గుడ్డ ఉంది, చాప కింద కనిపించదు.

భయం. వేరే మాట రాయను. ఇంతకాలం చలి, రోడ్డు అని రాశాను. భయం. ఆయన అటు దొర్లితే సామలు, ఇటు దొర్లితే వలిసెలు. నా చేతిలో బొంగు. ఊరందరి ఏడాది కూడు ఒక ముసలాయన ఒంటి పక్కన ఉంది.

మొదటిసారి లేపాను. పోశాడు. రెండోసారి తనే లేచాడు. బయట పారబోసి వచ్చాను. మూడోసారి లేపబోతే గట్టి నిద్ర. లేపాలా వద్దా? లేపాను. తిట్టాడు. పోశాడు.

"నిద్దరోరా," అన్నాడు.

"నీకు కాపలా."

"నీ సిన్నప్పుడు నువ్వు ఎన్ని రాత్రులు నా మీద పోసినావో తెలుసేటి? ఎవులికన్నా సెప్పినానా?"

దీపం సన్నగిల్లింది. నేల మీద చేత్తో తడిమి చూశాను. పొడి. మళ్ళీ తడిమాను.

ఏప్రిల్ 18

పొడి విత్తనం ఊరికి చేరింది. అయ్య ఒక్కో పొట్లం నుదుటికి తాకించి ఇచ్చాడు. చెయ్యి వణకలేదు. ఈ రోజుకు ఇంతే, నిద్ర ముంచుకొస్తోంది.

ఏప్రిల్ 20

భీముడు బాబాయ్ పాక దగ్గరికి వచ్చాడు. బేరగాళ్ళు పోయేదాకా ఆగాడు. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని నిప్పులు కెలికాడు.

"ఇత్తనాల రాత్రి నువ్వు బొంగు పట్టుకుని బయటికీ లోపలికీ తిరగడం సూసినాను."

ఏం అబద్ధం చెప్పాలో వెతుక్కుంటున్నాను.

"నాకూ ఒకటి కోసియ్యి," అన్నాడు.

నేను పొయ్యిలో పుల్ల ఎగదోశాను.

"మా కోడలికి తెలీకుండా ఇయ్యి. రెండేళ్ళనుండి గోనెపట్టా ఏసుకుని తొంగుంటన్నాను." నిప్పుల వైపే చూస్తూ అన్నాడు. "పేరెడితే పెట్టుకో. ఇంకో పేరు మొయ్యడానికి నాకు ఓపికుంది."

బొంగు కోసి, నోరు అయ్యదానికంటే నున్నగా గీకి ఇచ్చాను. నీళ్ళు మానొద్దని చెప్పాను. పేరు పెట్టలేదు. నా బుర్రలో కూడా.

"సోమారం నాను కూడా అరకు పోతాను," అన్నాడు లేస్తూ. "నాకు ఆసుపత్రంటే సావు భయం. కానీ దేవుడే పోతానన్నాక, నానెంత? మీ అయ్యని అడిగినాను. అలాగ అన్నట్టు ఆయనకి గుర్తు లేదంట. దేవుడి మాట మనిసికి గుర్తుండదు కదా."

రాత్రి అయ్య నన్ను అడిగాడు.

"నిజంగా అన్నానేటిరా? అరకు తీసుకుపొమ్మని?"

"అన్నావు. నా సొక్కా పట్టుకుని మరీ అన్నావు."

"అయితే మంచిదే," అన్నాడు. "నాను అడిగే పోనాను కదా." తృప్తిగా అటు తిరిగి పడుకున్నాడు.

ఏప్రిల్ 21

నిద్ర పట్టలేదు. ఇది నాకోసం మాత్రమే రాసుకునే డైరీ. దీన్లో కూడా అబద్ధం రాశానంటే నన్నేమనాలి?

చొక్కా పట్టుకున్న మాట నిజం. చెవి పెట్టిన మాట నిజం. స్పష్టంగా మాట్లాడిన మాట కూడా నిజం. ఆ పొద్దంతా గొణుగుడే, ఆ ఒక్కసారి మాత్రం కళ్ళు నా మీద నిలిచాయి, నన్ను గుర్తుపట్టాడు. కానీ అరకు పొమ్మన్న మాట ఆయన అనలేదు. దేవుడూ అనలేదు. మొత్తం నేను కట్టిందే.

అయ్య అన్నది, "నన్నెక్కడికీ తీసుకుపోకురా సోంబూ. నీకు దండమెడతాను."